కీమెన్ తాత మింగని గోళీలు

2011 సెప్టెంబరు 29, గురువారం. ఈరోజు మొదటి ఆశ్చర్యం, మమ్మల్ని ఎవరూ లేపకపోవడం. నాకు మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి వెలుతురు పడుతోంది. ఏడాదిన్నరగా ఐదున్నర కాగానే మా గేటు ముందు ఒక దగ్గు వినిపించేది. ఆ వెనుకే "ఆఁ, నడువుండ్రి" అనే మాట. ఈరోజు దగ్గు లేదు, మాట లేదు. అమ్మ పళ్లపొడి అరచేతిలో వేసుకుని గుమ్మంలో నిలబడి గల్లీ వైపు చూస్తోంది. అంతలో పక్కింటి చాచీ చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

"కీమెన్ చాచా పోయిండే" అంది.

"ఏ ఊరికి పోయిండు? బస్సులు లేవు గద" అంది అమ్మ.

చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ చేతిలోని పళ్లపొడి నేల మీద రాలిపోయింది.

తాత రోజూలాగే లేచి, మొహం కడుక్కుని, బూట్లు వేసుకోవడానికి తన ఇంటి మెట్టు మీద కూర్చున్నాడట. ఒక కాలికి బూటు తొడిగాడు. రెండో బూటు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు. మేం వెళ్లేసరికి ఆయన్ని మంచం మీదికి చేర్చారు. ఒక కాలికి బూటు అలాగే ఉంది. దాన్ని విప్పాలని ఎవరికీ తోచలేదు.

అక్కడినుంచి ఇంటికి వచ్చాక అమ్మ మాట్లాడిన మొదటి మాట ఇది. "గంత నడిచిన మనిషే పోయిండు. ఇగ నేను నడిస్తే ఎంత, నడవకుంటే ఎంత? నడకా బందు, గోళీలూ బందు."

అమ్మకు బీపీ ఉంది. మొదటిసారి చూసినప్పుడు పైది నూట డెబ్బై దాటింది. దాన్ని కిందికి దించింది గోళీలూ, తాత నేర్పిన నడకా. ఆయన పోవడం ఒక దెబ్బ. ఆయనతోపాటు అమ్మ నడక కూడా పోతే అది రెండో దెబ్బ. ఉదయం నుంచి నా బుర్రలో ఈ ఒక్క భయమే తిరుగుతోంది. ఆయన మీకు తెలియదు కాబట్టి మొదటినుంచి చెబుతాను.

తాతది నర్మెట్ట పక్కన ఒక పల్లె. రైల్వేలో జనగామ దగ్గర పట్టాలు బాగుచేసే గ్యాంగు పనికి చేరి, తర్వాత కీమెన్ అయ్యాడు. కీమెన్ అంటే రోజూ తనకు ఇచ్చిన దూరమంతా రైలు పట్టాల వెంట నడిచే మనిషి. ఒక భుజాన సుత్తె, చేతిలో పానా. పట్టాను పట్టి ఉంచే బిగింపులు ఎక్కడైనా వదులైతే కొట్టి బిగించాలి. చివరి కొన్నేళ్లు మహబూబాబాద్‌లో పనిచేసి, రిటైరయ్యాక మా గల్లీలోనే ఇల్లు తీసుకున్నాడు. ఒక్కతే కూతురు. ఆమె భూపాలపల్లిలో ఉంటుంది, అల్లుడిది బొగ్గు బాయిలో పని. మా గల్లీలో ఎవరూ తాతను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పిల్లలకు కీమెన్ తాత, అమ్మకు కీమెన్ మామ, చాచీకి కీమెన్ చాచా.

రిటైరైన రోజే ఒక కుర్చీ కొన్నాడని ఆయన భార్య, మేమంతా అవ్వ అని పిలిచే ఆమె, చెబుతుంది. "ముప్పై ఏండ్లు నడిసిన, ఇగ కూసుంట" అని ఆ కుర్చీ ఇంటి ముందు వేసుకుని రెండేళ్లు నిజంగానే కూర్చున్నాడట. ఒకరోజు కిరాణా దుకాణం ముందు కళ్లు తిరిగాయి. దవాఖానలో సిస్టరు చేతికి పట్టీ కట్టి చూసి బీపీ అంది. తాత నమ్మలేదు.

"సిస్టరమ్మా, దినాం పట్టా పొంటి నడిసినోన్ని. నాకు బీపీ ఏంది?"

"అప్పుడు నడిసినవ్. ఇప్పుడు కుర్సీల కూసున్నవ్. నిరుడు తిన్న బువ్వతోని ఇయ్యాల ఆకలి తీరుతదా తాతా?"

ఈ సంభాషణ ఆయనే మాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ తను ఓడిపోయిన ఆ చోట గట్టిగా నవ్వేవాడు. ఆ మరునాటి నుంచే గోళీ మొదలు, నడక మొదలు.

అమ్మ సంగతి వేరు. అమ్మ ఇంట్లో మిషను కుడుతుంది. పొద్దున కూర్చుంటే మళ్లీ లేచేది అన్నం వండడానికే. తలనొప్పి అని నుదుటికి గుడ్డ బిగించుకుని కూడా కుట్టేది. బీపీ అని తెలిశాక భయంతో కుట్టడం మానేసి పడుకుంది. బీపీ ఉన్నవాళ్లు కదలకూడదని ఎవరో చెప్పారు. నాలుగో రోజు తాత మా గేటు దగ్గర దగ్గాడు.

"కోడలా, లెవ్వు. ఇయ్యాల నాలుగు స్తంభాలు."

"ఏం స్తంభాలు మామా?"

"కరెంటు స్తంభాలు. నాలుగు స్తంభాల దాక పోయి మర్రుదాం. నాలుగొద్దులైనంక అయిదు. గంతే."

అమ్మకు భయం కంటే సిగ్గు ఎక్కువ. ఏ పనీ లేకుండా ఆడమనిషి తెల్లారి రోడ్డు మీద నడిస్తే గల్లీలో ఏమంటారు? "పనిలేక తిరుగుతున్నదంటరు మామా" అని తలుపు చాటునే నిలబడింది. తాత ఇంటికి వెళ్లి ఖాళీ సంచి తెచ్చి అమ్మ చేతికి ఇచ్చాడు. "గీ సంచి పట్టుకో. అడిగినోళ్లకు పాలకు పోతున్న అని చెప్పు." మూడో రోజు చాచీ కూడా తన సంచితో వచ్చింది. వారం తిరిగేసరికి ఐదుగురు ఆడవాళ్లు ఐదు ఖాళీ సంచులతో నడుస్తున్నారు, వాళ్ల వెనుక నేను. పాలబ్బాయి ఎదురుపడి "మరి నా దగ్గర ఎవ్వరు కొంటలేరేంది?" అన్న రోజు చాచీ రోడ్డు మధ్యలో కూర్చుని నవ్వింది. ఆ మరునాటి నుంచి సంచులు ఇళ్లలోనే ఉండిపోయాయి.

ఎంత వేగంగా నడవాలో కొలవడానికి తాత దగ్గర గడియారం లేదు. "మాట రావాలె, పాట రావద్దు" అనేవాడు. నడుస్తుండగా ఉన్నట్టుండి వెనక్కి తిరిగి "కోడలా, ఒక బతుకమ్మ పాటెత్తు" అనేవాడు. అమ్మ ఊపిరి తీసుకోకుండా ఒక వరుస పాడేస్తే "జెర కాళ్లెత్తుండ్రి, పెండ్లికి పోతున్నరా?" అని వేగం పెంచేవాడు. ఆయాసంతో మాట కూడా పెగలకపోతే ఆపి నిలబెట్టేవాడు. ఛాతీలో పట్టినట్టున్నా, కళ్లు తిరిగినా ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలి. అందులో బేరం లేదు.

నడక ఒక్కటే కాదు. నల్లా దగ్గర బిందె నిండేదాకా మడమలెత్తి దించమనేవాడు. మిషను ముందు కూర్చునే అమ్మకు గంటకోసారి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవాలని చెప్పాడు. గోడకు రెండు చేతులు ఆనించి నెట్టేటప్పుడు మాత్రం పక్కనే నిలబడి చూసేవాడు. "దమ్ము బిగవట్టకుండ్రి. దమ్ము ఇడువుకుంట నెట్టుండ్రి." ఊపిరి బిగబడితే బీపీ ఎగబాకుతుందని సిస్టరు ఆయనకు చెప్పిందట. ఆమె చెప్పినదేదీ ఆయన మరిచిపోలేదు.

ఆర్నెల్లకు అమ్మది నూట ముప్పైకి వచ్చింది. చాచీకీ బీపీయే, ఆమెది ఇంకా తగ్గింది. చాచీ సంతోషంతో "ఇగ గోళీ ఎందుకు చాచా? మస్తుగ నడుస్తున్న గద" అంది. తాతకు అంత కోపం రావడం నేను అప్పుడే చూశాను.

"నేను పనికి పోయేటప్పుడు సుత్తె ఉన్నదని పానా ఇంట్ల పెట్టి పోతనా? గోళీ గోళీయే, నడక నడకే. తగ్గించాల్నా వద్దా అని సిస్టరును అడుగు, డాక్టరును అడుగు. నన్ను అడగకు, నిన్ను నువ్వు అడుక్కోకు."

ఈ మాట చెప్పిన మనిషి గురించే నేను రాస్తున్నాను. ఇది గుర్తుంచుకోండి.

తాత మాటలు రాసుకోవడానికి నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఇంటర్లో చేరాక నాకు మాటల పిచ్చి పట్టింది. ఎవరి నోట మంచి వాక్యం వచ్చినా రాసుకుంటాను. ఒకరోజు తాత మాట రాస్తుంటే చూసి "నా మాట గూడ రాస్తవా?" అని అడిగాడు. అప్పుడే చెప్పాడు. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక అధికారి ఉండేవాడట. తాత ఏదైనా చెబితే "మళ్లీ చెప్పు" అని అందరి ముందూ చెప్పించుకుని నవ్వేవాడట. "పని గురించి చెప్పిన బిడ్డా, ఒక దగ్గర పట్టా పగిలిందని చెప్పిన. ఆయన నవ్విండు. గప్పటిసంది ఆఫీసుల నోరు తెరువలే. పట్టాలతోనే మాట్లాడిన." అందుకే కావచ్చు, తెలంగాణ కావాలని రోడ్డు మీదికి వచ్చినవాళ్లలో తాత ఎప్పుడూ ఉండేవాడు. ఉపన్యాసం ఇవ్వడు, నినాదం కూడా మెల్లగా అంటాడు. కానీ కూర్చుంటానని చెప్పిన చోట కూర్చుంటాడు.

మా సెంటర్లో దీక్ష టెంటు ఉంది. రోజుకో సంఘం వాళ్లు వంతుగా పొద్దున నుంచి సాయంత్రం దాకా అన్నం ముట్టకుండా కూర్చుంటారు. పొద్దుగూకాక ఎవరైనా నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు. ఆరోజు కూర్చున్నవాళ్ల పేర్లు నల్లబోర్డు మీద రాయడం ఈ నెలలో నాకు అప్పగించిన పని. తెలంగాణ కోసం అందరూ చేస్తున్న సమ్మెతో బస్సులు ఆగాయి, కాలేజీ మూతపడింది, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని అక్కడి అన్నలు పిలిచారు. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

సోమవారం రిటైరైన రైల్వే వాళ్ల వంతు. తాత పేరు రాశాను. మంగళవారం పల్లెల నుంచి రావలసినవాళ్లు బస్సులు లేక సగం మందే వచ్చారు. బోర్డు ముందు నిలబడి "ఇద్దరు తక్కువున్నరు తాతా" అన్నాను. చూడ్డానికని వచ్చిన తాత చెప్పులు విడిచి పరుపు మీద కూర్చున్నాడు. "నా పేరు రాయి బిడ్డా." బుధవారమూ అదే జరిగింది. మూడు రోజులు మూడుసార్లు ఆయన పేరు రాసిన చెయ్యి ఇదే.

బుధవారం మధ్యాహ్నం ఎండ బాగా ఉంది. తాత పక్కన కూర్చున్న ఒక పెద్దాయన జేబులోంచి గోళీ తీసి నీళ్లతో మింగి, "కీమెనన్నా, నీది ఏసుకోవా?" అని అడిగాడు.

తాత తల అడ్డంగా ఊపాడు. "నీళ్లు దప్ప ఏదీ ముట్టనని కూసున్న. ముట్టనంటే ముట్టుడే లేదు, గోళైనా సరే."

టెంటులో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను నోటుబుక్కు తెరిచి ఆ మాట రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను. ఎంత బాగుంది, ఎంత బిగువుగా ఉంది అనుకున్నాను. ఆయన చెప్పింది ఆయన ఒంటి సంగతి అని నాకు తట్టనే లేదు. రోజూ ఆయన వెంట నడిచిన పిల్లని, గోళీ గోళీయే అన్నప్పుడు పక్కనే ఉన్నదాన్ని. అయినా వాక్యాన్ని మాత్రమే విన్నాను.

ఈరోజు మధ్యాహ్నం ఆయన కూతురు వచ్చింది. భూపాలపల్లి నుంచి ఘనపూర్ మీదుగా నాలుగు ఆటోలు మారి వచ్చింది. గేటు దగ్గరే "బాపూ" అని ఒక్క కేక వేసి, లోపలికి వచ్చాక మళ్లీ మాట్లాడలేదు. కొయ్యకు తగిలించిన తాత చొక్కా తీసుకుని మొహానికి అదుముకుంది. ఆ చొక్కా జేబులోంచి కాగితం పొట్లాలు కింద పడ్డాయి. చిన్నవి, మూడు. కూతురు ఒకటి విప్పింది. లోపల తెల్లటి గోళీ ఉంది.

"అవ్వా, ఇవేంది?"

అవ్వ ఒక పొట్లం చేతిలోకి తీసుకుంది. "పొద్దుగాల తిన్నంక ఏసుకుంటడు. దీక్షకు పోతూ తినకపాయె. ఆడ ఏసుకొమ్మని నేనే కట్టిచ్చిన."

"మూడొద్దులు ఏసుకోలేదా? రాత్రన్న ఏసుకోవద్దా?"

"అడిగిన బిడ్డా. పొద్దటిది రాత్రి ఏసుకోవద్దన్నడు. పొద్దుగాల నడిసే పోతున్న గద, నాకేమైతదే అన్నడు."

ఆ గదిలో ఇరవై మంది ఉన్నాం. అందరం విన్నాం. పానా ఇంట్లో పెట్టి పోతానా అని చాచీని తిట్టిన మనిషే ఇలా చేశాడు. దీక్షలో దొంగతనం ఉండకూడదని ఆయన అనుకున్నాడు. గోళీ కూడా తిండే అని లెక్క వేసుకున్నాడు. ఆయన్ని చూసి మళ్లీ ఎవరూ నవ్వకూడదు, కూర్చుంటానన్నవాడు పూర్తిగా కూర్చోలేదని ఎవరూ అనకూడదు. అంతేనేమో. నాకు తెలియదు.

సమ్మెలో ఉన్నా సిస్టరు కడసారి చూడ్డానికి వచ్చింది. గడప దగ్గర నిలబడి పొట్లాలను చూసి కళ్లు తుడుచుకుంది. "గిందుకే పోయిండని నేను చెప్పలేను. కని బీపీ గోళీ గిట్ల ఒక్కపారే ఆపొద్దు. కడుపుల ఏమీ లేకున్నా నీళ్లతోని ఏసుకోవచ్చు, నన్ను ఒక్క మాట అడిగితే చెప్తుంటి" అంది. ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. ఆ 'ఒక్క మాట' మాత్రం అందరికీ గుచ్చుకుంది.

చీకటి పడకముందే అన్నీ అయిపోయాయి. ఈ సాయంత్రం మా గల్లీలో బతుకమ్మ పెట్టలేదు. ఇంటికి వచ్చి స్నానం చేశాక నోటుబుక్కు తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టాను. గీత గీసిన వాక్యం చూపించాను. "నేను విన్న అమ్మా. విని రాసుకున్న. ఎవ్వరికీ చెప్పలే" అన్నాను.

అమ్మ చదివి పుస్తకం మూసింది.

"నేను గూడ ఆడనే ఉన్న గదనే. నిమ్మకాయలు తెచ్చిన. అందరి కంటే గట్టిగ చప్పట్లు కొట్టింది నేనే."

కుట్టాల్సిన బట్టలు మిషను మీద అలాగే పడి ఉన్నాయి. ఉదయం నుంచి అమ్మ కూడా గోళీ వేసుకోలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట అనడానికి భయపడ్డాను. తాతను అడగనిది అమ్మనైనా అడగాలని అడిగేశాను.

"ఇయ్యాలటి గోళీ?"

అమ్మ నన్ను కోపంగా చూసింది. తర్వాత ఆ కోపం ఎటో పోయింది. "పొద్దటిది ఇప్పుడు ఏసుకోవచ్చునా?" అని చిన్నపిల్లలా అడిగింది. నేను పక్క గల్లీకి పరిగెత్తి సిస్టరును అడిగి వచ్చాను. వేసుకోవచ్చు, రేపు మామూలు వేళకు ఒక్కటే వేసుకోవాలి, రెండు కలపకూడదు అంది. అమ్మ నాలుగు ముద్దలు తిని గోళీ మింగింది. నీళ్ల గ్లాసు కింద పెట్టి, "మామ నడిసి పోలేదే. నడకే చాలనుకుని పోయిండు" అంది.

అప్పుడే చాచీ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "రేపు పోదమా, వద్దా? మూడొద్దులు గూడ కాలేదు. బాగుంటదా?"

అమ్మ లేచి తాత ఇంటికి నడిచింది. మేమూ వెంట వెళ్లాం. అవ్వ గోడకు ఆనుకుని ఉంది, ఆమె ఒళ్లో కూతురి తల. అమ్మ నేల మీద కూర్చుని మెల్లగా అడిగింది.

"ఎప్పటి లెక్కనే పోండ్రి. మూడొద్దులు ఆగితే మీరు మళ్ల లెవ్వరు, నాకు తెల్వదా మీ సంగతి?" అంది అవ్వ. తర్వాత నా వైపు చూసింది. "రేపు టెంటుల ఎవ్వరు కూసుంటున్నరు బిడ్డా?"

"గీత కార్మికులవ్వా. పదకొండు మంది."

"వాళ్లల్ల బీపీ ఉన్నోళ్లు ఉండరా?"

ఆ మాటతో మేం ముగ్గురం అక్కడే రేపటి సంగతి తేల్చుకున్నాం.

రేపు పొద్దున ఐదున్నరకు నేనే లేచి అమ్మను లేపుతాను. అమ్మ తిని, గోళీ వేసుకున్నాకే బయలుదేరతాం. అమ్మ, చాచీ, నేను స్తంభాల దారి వదిలి సెంటర్ దాకా నడుస్తాం. పదకొండు మంది వచ్చేసరికి నేను బోర్డు దగ్గర ఉండాలి. పేరు రాసే ముందు ఒక్కొక్కరినీ అడుగుతాను: బీపీ ఉందా, షుగరుందా, ఈరోజు గోళీ వేసుకున్నారా అని. వేసుకోనివాళ్లకు అక్కడే నీళ్లిస్తాను. ఖాళీ కడుపుతో ఉండకూడని వాళ్లుంటే వాళ్ల పేరు రాయను. వాళ్లు పక్కన కూర్చుని అన్నం తిని, మాతో పాటు నినాదాలు ఇవ్వవచ్చు. పెద్దవాళ్లు నా మీద కోప్పడతారని తెలుసు. కోప్పడేవాళ్లతో తను మాట్లాడతానంది అమ్మ.